ఫొటో వెనక పేరు

నిన్న మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తుంటే ఆ ఘాటుకు అమ్మ ఫొటో గుర్తొచ్చి, పెట్టెలోంచి తీశాను.

నా చిన్నప్పుడు మిరప కల్లంలోకి కెమెరాతో ఒకాయన వచ్చాడు. అమ్మ పరుగున ఇంటికెళ్లి, చర్చికి కట్టే తెల్లచీరలో వచ్చింది.

“అది కాదమ్మా, గోచీ పెట్టి పనిచీరే కట్టు. తట్ట నెత్తిన పెట్టు,” అన్నాడాయన.

“పాతచీరతోనా? నలుగురూ నవ్వరూ!” అంటూనే మార్చుకుంది అమ్మ. “ఫొటో వెనక నా పేరు రాయండయ్యా, మరియమ్మ అని.”

ఫొటో వచ్చాక వెనకనున్న రాతను వేలితో తడిమి, “నా పేరేనే పిల్లా” అని మురిసింది. అక్షరాల మీది తలకట్లు అమ్మ నెత్తిన తట్టలనుకున్నాను నేను.

నేను చదువు నేర్చింది అరవై దాటాకే. నిన్న ఆ రాతను కూడబలుక్కుని చదివాను: మిరప కూలీ.

పెన్ను తీసుకుని, కింద మరియమ్మ అని రాశాను. ఒక్క తలకట్టూ మరవలేదు.