కణుజు తలెత్తేదాకా

వాదనలో నన్ను ఓడించినవాళ్ళు తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఇంట్లో దాన్ని రోగం కింద జమ కట్టారు. విశాఖపట్నంలో బి.ఏ. చదివి, చోడవరంలో టీచరుగా చేరి, అక్కడే చెరకు పండించే క్రైస్తవ కుటుంబంలో కోడలినయ్యాను. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, నాకింకా ముప్ఫై నిండని రోజుల్లో, ఒక వాదన గెలిచాను. ఇప్పుడు యాభై దాటాక కూర్చుని ఆ గెలుపు గురించే రాస్తున్నాను.

మా మామగారి తోటలో గానుగ ఆడే రోజుల్లో దేవరాపల్లి అవతలి కొండల మీంచి ఒకతను పనికి వచ్చేవాడు. బెల్లం పొయ్యిలో మంట చూడడం అతని పని. నలభై దాటి ఉంటాయి. మాటకి ముందు కాసేపు ఆగి, అప్పుడు చెప్పేవాడు. పొయ్యి ముందు కూర్చుని చెరకు పిప్పి ఎగదోస్తూ ఒకరోజు వాళ్ళ కొండ మీది ధార గురించి చెప్పాడు.

"ఎండల్లో మా అడివంతా ఎండిపోద్ది టీచరమ్మా. గెడ్డల్లో రాళ్ళే. ఆ ధార కింద మడుగొక్కటే ఉంటాది. కణుజులు, పందులు, నెమిళ్ళు, అన్నీ ఆడికే వస్తాయి."

జలపాతాలూ, కణుజుల్లాంటి పెద్ద దుప్పులూ పుస్తకాల్లో చూపించి పాఠం చెప్పేదాన్ని గాని నేనెప్పుడూ చూసి ఎరగను. "సెలవులిచ్చాక వస్తాం, చూపిస్తావా?" అన్నాను. "సూపిత్తాను" అన్నాడు. కొండవాళ్ళు మాటిస్తే ఏమిటో నాకప్పటికి తెలీదు.

సెలవులివ్వగానే కబురు పంపాను. ఇటుకల పండగ రోజులని తిరిగి కబురొచ్చింది. పండగంటే మన ఇళ్ళలోలాగే పని మానేసి వండుకు తినడం అనుకున్నాను. "మరీ మంచిది, ఖాళీగా ఉంటాడు" అన్నాను మా ఆయనతో. ఆయనా అలాగే అనుకున్నారు. రెండు పుస్తకాలు తిరగేస్తే తెలిసే సంగతి కాదది, ఒక్క ప్రశ్న అడిగితే తెలిసేది. అడగలేదు.

ముందురోజు బస్సులో దేవరాపల్లి చేరి తెలిసినవాళ్ళింట్లో పడుకున్నాం. తెల్లవారేసరికి అతను వాకిట్లో నిలబడి ఉన్నాడు. భుజాన విల్లు, వీపున వెదురు గొట్టంలో అంబులు.

"పండగపూట ఆ విల్లెందుకోయ్?" అన్నారు మా ఆయన.

"పండగే ఏట కదండీ" అన్నాడు.

అలా తెలిసింది. చైత్రంలో ఆ కొండ ఊళ్ళలో మగవాళ్ళంతా గుంపుగా వేటకి పోతారు. ఏదో ఒకటి కొట్టి తేవాలి. వట్టి చేతులతో వచ్చినవాడికి ఊరి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు, పాటలు కట్టి ఏడిపిస్తారు. అతని గుంపు నిన్ననే బయల్దేరిందట. మాకు మాటిచ్చాడు గనక అతనొక్కడూ ఆగిపోయాడు. సాయంత్రం గుంపు ఊళ్ళోకి వచ్చేలోపు ధార దగ్గరే ఏదో ఒకటి కొట్టి వాళ్ళని కలుసుకోవాలి.

"కొట్టకపోతే?" అన్నాను.

కాసేపు నడిచాక జవాబు వచ్చింది. "పోయినేడు ఏటీ తేలేదు. అంతకుముందేడూ లేదు. మూడేళ్ళు అలగెల్తే మా ఊల్లో ఇంక ఏటకి పిలవరమ్మా. విల్లు దూలానికి యేలాడదీసీడమే."

"పోనిద్దూ. పేడనీళ్ళకి భయపడి ఒక ప్రాణం తీస్తావా?"

"పేడనీల్లు కడుక్కుంటే పోతాదమ్మా" అన్నాడు. మిగతాది నాకు అర్థమవుతుందనుకున్నాడు కాబోలు, చెప్పలేదు.

అడివి అతను చెప్పినట్టే ఉంది. ఆకు రాలిన చెట్లు, అడుగు వేస్తే అప్పడాల్లా విరిగే ఎండుటాకులు. వాగు గెడ్డ దాటామని అతను చెబితే గాని తెలియలేదు, అంత పొడి. ఇప్పపూలు రాలిన చోట నేలంతా తియ్యటి, పుల్లటి వాసన. కొండముచ్చులు మమ్మల్ని చూసి దగ్గినట్టు అరిచాయి. నేను ప్రతి పది నిమిషాలకీ కూర్చున్నాను.

"చోడవరం రోడ్డు మీద నడిస్తేనే రొప్పుతావు, నీకు జలపాతాలెందుకే?" అన్నారు మా ఆయన.

"మీకు బెల్లప్పెనం తప్ప వేరే లోకం లేదు కనక" అన్నాను.

ధార చూశాక నాకు నవ్వూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నల్లటి బండ మీంచి జడపాయంత నీళ్ళు. చప్పుడు కూడా పెద్దగా లేదు. కానీ దాని కింద మడుగు నిండుగా, పచ్చగా ఉంది. ఒడ్డున బురద నిండా గిట్టల గుర్తులు, ఒకదాని మీద ఒకటి. అన్ని కోసుల అడివీ ఆ కాస్త చోట ముద్ర వేసి పోయింది. గాలివాటు చూసి అతను మమ్మల్ని ఒక బండ వెనక కూర్చోబెట్టాడు. తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అతనికి పెడితే వద్దన్నాడు, వేట అయ్యేదాకా తినడట.

ఎండ వాలేదాకా ఏదీ రాలేదు. తరవాత నెమళ్ళు వచ్చాయి, తోకలు బురదకి అంటకుండా ఎత్తి పట్టుకుని. నేను వాటివంక చూశాను గాని అతని వంక చూడలేదు. చూసిన మా ఆయన తరవాత చెప్పారు, అతను విల్లెత్తి, అవి నీళ్ళకి ముక్కు పెట్టగానే దించేశాడని.

కణుజు ఎప్పుడు వచ్చిందో తెలీదు. చెట్ల మధ్య గోధుమరంగు మచ్చ ఉంది, అది నడిచింది. ఆవంత ఒళ్ళు, కొమ్ముల మధ్య ఎండుగడ్డి పరక. ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టి చుట్టూ చూసి, చూసి, మెడ వంచింది. అతను అంబు తొడిగి విల్లు లాగాడు. పాతిక అడుగులుండదు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఏమీ జరగలేదు. కళ్ళు తెరిస్తే అతను అలాగే లాగి పట్టుకుని ఉన్నాడు. కణుజు తాగుతోంది. గొంతులో నీళ్ళు దిగడం కనిపిస్తోంది.

"ఎందుకాగేవు?" అని మా ఆయన పెదాలు మాత్రం కదిపారు.

"నీల్లు తాగీదాన్ని కొట్టకూడదండి" అన్నాడు గాలికి కూడా వినపడనంత మెల్లిగా. "తాగి తలెత్తనీ."

ఆ వ్యవధి అతను దానికిచ్చాడు. నేను తీసేసుకున్నాను. లేచి నిలబడి రెండు చేతులూ చరిచాను, క్లాసులో అల్లరి ఆపడానికి చరిచినట్టు.

కణుజు ఒక్క దూకులో లేదు. నెమళ్ళు అరుచుకుంటూ లేచాయి. ఆ తరవాత ధార చప్పుడు ఒక్కటే మిగిలింది. అతను నన్ను తిట్టలేదు. విల్లు దించి, అంబు తీసి గొట్టంలో పెట్టుకుని, "ఇంక రావమ్మా ఇయ్యేల" అన్నాడు. "పొద్దోయింది, దిగుదాం."

దిగే దారంతా నేను మాట్లాడాను. కడుపు కోసం చంపడం వేరు, పరువు కోసం చంపడం వేరు అన్నాను. మూగజీవం దప్పికతో వస్తే ఈ పండగేమిటన్నాను. అతను ముందు నడుస్తున్నాడు, ముళ్ళకొమ్మలు మా మొహాలకి తగలకుండా పక్కకి పట్టుకుంటూ.

"ఆదివారం చర్చి నించొచ్చి నువ్వు తినీ మేక పుట్టడవే కూరగా పుట్టిందేటే?" అన్నారు మా ఆయన.

"దాన్ని పెంచేది అందుకే."

"ఓహో. పెంచి నమ్మించి కోస్తే పాపం లేదన్నమాట. బాగుంది."

దానికీ ఏదో జవాబు చెప్పాను. చెప్పకుండా ఉండలేదు, ఏం చెప్పానో మాత్రం గుర్తులేదు.

వాళ్ళ ఊరి మొదట్లోనే డప్పులు వినిపించాయి. గుంపు అప్పుడే చేరినట్టుంది, కర్రకి కట్టిన అడవిపంది నేల మీద ఉంది. ఆడవాళ్ళు కుండలతో దారికి అడ్డంగా నిలబడ్డారు. ఇతన్ని చూడగానే కేకలు.

"అదిగో, అదిగో! ఏటకాడొచ్చేడు! ఏనుగుని తెచ్చేడా, ఎలకని తెచ్చేడా?"

"సేతులూపుకుంటా వస్తన్నాడే! సూడండర్రా!"

నేను ముందుకు వెళ్ళాను. "తప్పు నాది. కణుజు వచ్చింది. నేను చప్పట్లు కొట్టి తోలేశాను. పోస్తే నాకు పొయ్యండి" అన్నాను. పెద్ద ఉపన్యాసానికి సిద్ధంగానే ఉన్నాను.

వాళ్ళు నవ్వారు. అతను నా వంక చూడకుండా వాళ్ళతో అన్నాడు: "లేదు. నా గురే తప్పింది. టీచరమ్మ నా మీద జాలికి అంటంది."

నవ్వనిది ఒక్క మనిషి. నుదుట పచ్చబొట్టు, నడుము మీద కుండ. అతని భార్య అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దగ్గరకొచ్చి, అతని వీపున గొట్టంలో వేలు పెట్టి అంబులు ఒక్కొక్కటీ కదిపి చూసింది.

"ఎల్లీటప్పుడు ఆరెట్టేను. ఆరూ ఉన్నాయి" అంది. "యెయ్యని అంబుకి గురెలాగ తప్పింది?"

ఆవిడ అప్పుడు నన్ను చూసింది. నాకు ఎన్ని వాదనలు వచ్చో అన్నీ ఆ కాసేపట్లో వెతుక్కున్నాను. అతిథిగా పిలిచిన ఆడమనిషి వేట చెడగొట్టిందని ఊరందరి ముందు చెప్పుకోవడం కన్నా, గురి లేనివాడిననిపించుకోవడమే అతనికి నయమనిపించింది. ఆ సంగతి ఆవిడకి తెలిసిపోయింది. నాకూ తెలిసింది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకి జరిపింది. చీర మీద చుక్క పడకుండా అన్నమాట. తరవాత కుండ ఎత్తి అతని నెత్తిన పోసింది. మిగతా ఆడవాళ్ళూ పోశారు, పాట పాడారు. అతను కళ్ళు మూసుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఊరి పెద్ద వచ్చి అతని భుజం మీంచి విల్లు తీసుకున్నాడు. ఆ రాత్రి మాకు పందిమాంసం కూర వడ్డించారు. నా ఆకులో ముక్కలు మా ఆయన తిన్నారు.

మరుసటి ఏడు చైత్రంలో, వాళ్ళ కొండల్లో మగవాడనేవాడు కిందికి దిగని రోజుల్లో, అతను మా వాకిట్లోకి వచ్చాడు. చెరకుకి నీళ్ళు పెట్టే పనేమైనా ఉందా అని అడిగాడు. ఇటుకల పండగ కదా అని నా నోటిదాకా వచ్చింది. మా ఆయన నావంక ఒక్క చూపు చూసి, పార అతని చేతికిచ్చి, తోటలోకి తీసుకుపోయారు.

మధ్యాహ్నం అంబలి నేనే పట్టుకెళ్ళాను. గట్టు మీద పెట్టి నిలబడ్డాను. అతను కాలవకి అడ్డం మట్టి వేసి, నీళ్ళు తరవాతి చాలులోకి మళ్ళేదాకా చూసి, అప్పుడొచ్చి కూర్చున్నాడు.

"ధారలో నీళ్ళున్నాయా?" అన్నాను. అంతకంటే ఏం అడగాలో తెలియక.

"ఉండొచ్చమ్మా" అన్నాడు. "అటేపు ఎల్లలేదు."