పదకొండిళ్ళ ఊరి బావగారు

ఇంగ్లండులో నేనెన్నడూ చూడని ఒక పల్లెలో ఎవరి పిల్లని ఎవరికిచ్చారో, ఎవరికి ఎవరితో పడేది కాదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా సొంత ఊళ్ళో మా వీధి దాటితే నాకు ఒక్కరూ తెలియరు. దీనికంతటికీ కారణం న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ.

ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. చదువుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో వెనక గది తీసుకున్నాను. చదువైపోయి, హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చాక కూడా ఖాళీ చెయ్యలేదు. ఈ దేశంలో ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలిచేస్తారు. నాకు నోరు రాలేదు. మొదటి రోజే ఆంటీ అన్నాను. "నేనెవరికీ ఆంటీని కాను," అందావిడ. "మా వైపు ప్రతివాళ్ళూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతారు," అన్నాను. ఆవిడకి తోబుట్టువులు లేరు, పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మంచి మనిషని చెప్పేది. హాల్లో ఆయన ఫొటో కింద ఎప్పుడూ ఏవో పూలు ఉండేవి.

ఆంటీ పుట్టిన ఊరి చరిత్ర రాస్తోంది. ఊరంటే పదకొండిళ్ళు, ఒక చర్చి, ఒక వాగు, వాగు మీద పిండిమర. దానికి చరిత్రేమిటని మొదట్లో నాకు నవ్వొచ్చింది. కానీ ఆ పదకొండిళ్ళలోనూ నాలుగు పెద్ద కుటుంబాలున్నాయి. వాళ్ళ డాబు వాళ్ళది. మరవాళ్ళు వరద వచ్చిన రోజు ఊరందరినీ తమ అటక మీదికి ఎక్కించారు, ఆ మాట మూడు తరాలు చెప్పుకు తిరిగారు. కమ్మరివాళ్ళింట్లో అందరిదీ ఎడమచేతి వాటమే. పెద్ద కమతం వాళ్ళకీ, చర్చి గంట కొట్టేవాళ్ళకీ ముందువరస బెంచీ దగ్గర గొడవొచ్చింది. తాతలు మొదలుపెడితే మనవల దాకా పలకరింపుల్లేవు. ఇవన్నీ వింటుంటే మా నాయనమ్మ అరుగు మీద కూచుని దారిన పోయేవాళ్ళ వంశాలు విప్పడం గుర్తొచ్చేది. ఆంటీ కమ్మరివాళ్ళ ఆడపిల్ల. వాళ్ళమ్మ పుట్టిల్లు పెద్ద కమతం.

ఆవిడ కళ్ళు మెల్లమెల్లగా పోతున్నాయి. ఎదురుగా ఉన్న మనిషి మొహం మధ్యలో మసక, చుట్టూ కాస్త కనిపిస్తుంది. ఆ కాస్త చూపు ఉండగానే పుస్తకం అచ్చులో చూసుకోవాలని ఆవిడ కోరిక. అందుకని సెలవు రోజుల్లో ఆవిడ చెప్తుంటే నేను టైపు చేసేదాన్ని. టీలో అల్లం బిస్కెట్లు ముంచుకుంటూ, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, నాలుగు గంటలు కూచునేవాళ్ళం. నిజం చెప్పాలంటే నాకు ఆ ఇల్లు వదలబుద్ధి కాకపోవడానికి ఆ మధ్యాహ్నాలే కారణం.

తెలియని సంగతులకి ఆధారం ఒక్కరే, ఆ ఊళ్ళో ఇంకా ఉన్న ఒక పెద్దాయన. నాలుగు కుటుంబాల్లోనూ ఊరు వదలకుండా మిగిలింది ఆయనే. ఆయన ఈమెయిలు పెట్టడు, ఆవిడ చూడదు. ఆంటీ నాచేత ఉత్తరం రాయించి ప్రశ్నలు పంపుతుంది, ఆయన జవాబు రాస్తాడు. ఫలానా సమాధి రాయి మీద ఏముంది, ఫలానా బావి ఎప్పుడు ఎండింది, అంతే. నేను చదివి వినిపించేదాన్ని. ఎలా ఉన్నావని కూడా ఉండేది కాదు. పంచాయతీ గుమాస్తా రాసినట్టుండేది. అయినా ఆ కవరు వచ్చిన రోజు ఆంటీ జుట్టు దువ్వుకుని కూచునేది. నాకు అప్పుడే అర్థం కావలసింది.

చివరి అధ్యాయం పెద్ద కమతం వాళ్ళది. వంశవృక్షం గీసే పని నాది. ఆంటీ తల్లి పక్కన ఆవిడ అన్నగారిని రాసి, ఆయన కింద కొడుకుని రాశాను. ఆ కొడుకు ఎవరో కాదు, మన ఉత్తరాల పెద్దాయన. ఆంటీ కన్నా రెండేళ్ళు పెద్ద. పెళ్ళి కాలేదు. గీత గీస్తూనే నాకు హుషారొచ్చింది. మేనమామ కొడుకు! అంటే సాక్షాత్తూ బావ. ఇన్నాళ్ళూ నేను చదువుతున్నవి ఒక బావ మరదలికి రాసిన ఉత్తరాలా అని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా ఇళ్ళల్లో వరసైనవాళ్ళు కనిపిస్తే పరాచికాలు ఆడకపోవడమే తప్పు. మా అక్క పెళ్ళిలో మా బావలకి కాఫీలో ఉప్పు కలిపిచ్చింది నేనే. వాళ్ళు తాగేసి, బాగుందన్నారు కూడా. ఆ చేతులు ఊరుకోలేదు. ఆ వారం ఆంటీ చెప్పిన ఉత్తరం రాశాక, సంతకం కింద నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలింది. ఆవిడకి చెప్పకుండా అందులో నేను కలిపాను: "అయ్యా, ఈ ఉత్తరాలు రాసిపెట్టే అమ్మాయిని. మా ఆచారంలో మీరు ఈవిడకి బావ అవుతారు. మేనమామ కొడుకు కాబట్టి పెళ్ళికి మొదట అడగవలసిన హక్కు మీదే. మరి ఎందుకు అడగలేదు?" అంటించేసి, మూల మీద డెయిరీకి, అంటే ఇక్కడి చిల్లర కొట్టుకి, పాలకని వెళ్ళి, కొట్టు పక్కనున్న పోస్టు డబ్బాలో పడేశాను.

జవాబు రాలేదు.

మామూలుగా మూడు వారాలకి వచ్చేది. నాలుగు, అయిదు, ఆరు వారాలైంది. పోస్టు వచ్చే రోజుల్లో ఆంటీ కర్ర పట్టుకుని, ఆ ఏటవాలు దారిలో గేటు దాకా దిగి, డబ్బాలో చెయ్యి పెట్టి తడిమి, మళ్ళీ ఎక్కి వచ్చేది. పుస్తకం కాగితాలు తియ్యమనేది కాదు. "ఆయనకి ఏమైనా అయితే నాకు కబురు చెప్పేవాళ్ళు కూడా లేరు," అంది ఒకరోజు.

ఉండబట్టలేక వరంగల్‌కి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పాను.

"నీకు వరసలు ఎవరు అడిగిండ్రు బిడ్డా?" అంది అమ్మ. "వాళ్ళల్ల అట్ల చేసుకోరు. చుట్టాలను చేసుకుంటే తప్పనుకుంటరు. పెద్దమనిషిని పట్టుకొని గట్లనా రాసేది?"

"నవ్వుతడనుకున్న."

"నువ్వనుకుంటె అయితదా? పో, ఆమెకు చెప్పు. చెప్పి కాళ్ళు మొక్కు."

ఆ సాయంత్రమే చెప్పేశాను. ఏం రాశానో మాట మాటా చెప్పాను. ఆంటీ కప్పు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఆయన అడగలేదు," అంది. "నాకు ఇరవై ఏళ్ళు. కోతలప్పుడు రోజూ కలిసి పనిచేసేవాళ్ళం. అడుగుతాడని ఆ ఏడంతా చూశాను. ఉన్నట్టుండి మా గుమ్మం తొక్కడం మానేశాడు. నేను ఓడెక్కి ఇక్కడికి వచ్చేశాను. ఆ ప్రశ్న నేను ఇన్నేళ్ళలో రాయలేదు. సమాధుల గురించి అడిగితే జవాబొస్తుంది, అది అడిగితే రాదని నాకు తెలుసు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కాళ్ళు మొక్కుతానంటే అదేమిటో ఆవిడకి తెలియదు. ఊరికే ఆవిడ కాళ్ళ దగ్గర కూచున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వెయ్యలేదు, లెమ్మని కూడా అనలేదు. తరవాతి రెండు వారాలు ఇద్దరం ఒక ఇంట్లో చాలా మర్యాదగా బతికాం. అంత మర్యాద నాకు ఎవరిదగ్గరా వద్దు.

ఎనిమిదో వారంలో కవరు వచ్చింది. డబ్బాలోంచి తీసింది ఆంటీయే, తడిమి పోల్చుకుంది. నాకు ఇచ్చి, కుర్చీలో నిటారుగా కూచుని, "చదువు," అంది.

మొదటి పేజీన్నర సమాధులే. ఉత్తరం గోడ పక్కన ఎవరెవరు, ఏ రాయి పగిలింది, ఏ రాయి నాచు పట్టింది. రెండో పేజీ సగంలో ఒక లైను వదిలి ఇలా ఉంది:

"రాసిపెట్టే అమ్మాయికి. ఆలస్యానికి క్షమించాలి, ఈ భాగం చాలాసార్లు చించి రాశాను. నేను అడిగాను. మా నాన్ననీ, ఆమె నాన్ననీ ఒకే రోజు అడిగాను. ఉన్నవే నాలుగు కుటుంబాలు, ఇప్పటికే రక్తం దగ్గరపడింది, వద్దన్నారు. ఆమెతో ఈ మాట ఎత్తనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఇద్దరూ పోయేనాటికి ఆమెకి అక్కడ పెళ్ళైంది. అప్పుడు చెప్పడం మర్యాద కాదు. ఆ తరవాత ఎవరూ నన్ను అడగలేదు. మీరే మొదట అడిగారు. మీ ఆచారం మంచిదనిపించింది."

చదవడం ఆపాను. ఆంటీ మొహం కిటికీ వైపుంది. "మళ్ళీ చదువు," అంది. చదివాను. "మళ్ళీ," అంది. మూడోసారి అయ్యాక రుమాలు తీసి కళ్ళు కాదు, కళ్ళజోడు తుడుచుకుంది. ఆ కళ్ళజోడుతో ఆవిడకి కనిపించేది ఏమీ లేదు.

"ఇది పుస్తకంలోకి వద్దు," అంది. "కాగితం తియ్యి."

జవాబు చెప్పడం మొదలుపెట్టింది. పగిలిన రాయి గురించి రెండు ప్రశ్నలు. బావి సంగతికి కృతజ్ఞతలు. తరవాత, "నా భర్త మంచివాడు, ఇక్కడ నేను బాగానే బతికాను, అని రాయి," అంది. రాశాను. ఎప్పటిలాగే నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసింది. కలం ఇవ్వకుండా అలాగే పట్టుకుని కాగితం కింది భాగం తడిమింది.

"ఇక్కడ ఖాళీ ఉందా?"

"ఉంది ఆంటీ, నాలుగు వేళ్ళు."

"అయితే అక్కడ నువ్వు రాయి. ఆవిడనే అడిగి ఉంటే ఒప్పుకునేదట అని రాయి." కలం నా చేతిలో పెట్టింది. "నా మాటగా వద్దు. నీ మాటగా రాయి."