రొయ్యలకు పోసిన మంచినీళ్లు

మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మా ఇంటావిడ కుర్చీ వదలడం తగ్గిపోయింది. పొద్దు పోవడానికి మనవరాలు ఒక గాజుతొట్టి, ఎనిమిది గప్పీ చేపలు తెచ్చి ఆమె ఎదుట పెట్టి పోయింది. నెల తిరిగేసరికి అవి పిల్లలు కూడా పెట్టాయి. ఆ హుషారులో నేను ఆదోని బజారులోని చేపల అంగడికి పోయి ఐదు ఎర్ర రొయ్యలు తెచ్చాను. వేలిగోరంత ఉంటాయి. గులకరాళ్ల మీద నిలబడి, ముందరి కాళ్లతో పాచి గిల్లి గిల్లి నోట్లో పెట్టుకుంటుంటే పత్తి ఏరే ఆడవాళ్ల చేతులు గుర్తొచ్చాయి.

కొత్త చుట్టాలకు ఉప్పగా ఉండే బోరునీళ్లు ఎందుకని, మేం తాగే మంచినీళ్లు రెండు చెంబులు ఆమే తన చేత్తో తొట్టిలో పోసింది. మర్నాటికి ఐదూ చచ్చాయి. చేపలకు చీమ కుట్టినట్టయినా లేదు.

"నా సెయ్యి మంచిది కాదు," అంది ఆమె.

కాపురానికి వచ్చిన కొత్తలో, ఆమె పితికిన మర్నాడే బర్రె ఒట్టిపోయిందని మా అమ్మ అన్న మాట అది. యాభై ఏళ్లయినా ముల్లులా అట్లే ఉంది. ఆ రోజు నుంచి ఆమె చేపలకు మేత వేయడం కూడా మానేసింది. డబ్బా నా చేతికిచ్చి, చూస్తూ కూర్చునేది.

నేను అంగడికి పోయి నిలదీశాను.

"మీ నీళ్లే బాగలేవు పెద్దాయనా. ఈ మందు ఏసి, ఇంగో ఐదు పట్టకపో. ఫికరే లేదు."

"ఆ నీళ్లల్లోనే చేపలు పిల్లల్ని పెట్టినాయి గదప్పా! వాటికి బాగుండే నీళ్లు వీటికెందుకు బాగలేవు?"

"సేపలు వేరే, రొయ్యలు వేరే."

"ఎట్ల వేరే?"

"అదంతా నాకేం ఎరుక? నేను అమ్మేటోణ్ని."

ప్రాణమున్నదాన్ని అమ్మేవాడు అనవలసిన మాటేనా ఇది? చెప్పుల అంగడివాడు కూడా పాదం కొలిచి ఇస్తాడు.

నేను బడి మొహం చూసినవాణ్ని కాను. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ల మీద రాసిన అక్షరాలతో మొదలుపెట్టి, ఇంగ్లీషు కూడా కూడబలుక్కుని నేర్చుకున్నాను. చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా వదలను. రొయ్యలు వద్దని, మందు మాత్రం తీసుకుని ఇంటికొచ్చి ఆ సీసాకు భూతద్దం పెట్టాను. అడుగున ఆవగింజల్లాంటి అక్షరాలు: ఇందులో రాగి ఉంది, రొయ్యలు, పీతలు ఉన్న తొట్టిలో వాడరాదు. రొయ్యలు చచ్చాయని మొరపెట్టుకుంటే రొయ్యలను చంపే మందు చేతిలో పెట్టాడు!

రాగి అనే మాట చూడగానే ఎమ్మిగనూరులో మా నాయన దిగుడుబావి కళ్లముందుకొచ్చింది. పాచి విరగడానికి ఆయన మైలుతుత్తం మూటగట్టి నీళ్లలో తిప్పాడు. నీలంగా మెరిసే ఆ తుత్తం రాగి నుంచి చేసేదే. మర్నాడు నత్తలూ ఎండ్రకాయ పిల్లలూ తేలాయి. చేపలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకని అడిగితే, "నోరు మూసుకోరా," అన్నాడు. నోరైతే మూసుకున్నాను గానీ ప్రశ్న పోలేదు.

కానీ ఆ సీసా మందు మా తొట్టిలో ఇంకా వేయనేలేదు. మరి రాగి ఎక్కడిది? ఇల్లంతా కలియజూశాను. వంటింటి మూలన రాగి బిందె. కుళాయి రోజూ రాదు కాబట్టి తాగే నీళ్లు అందులోనే పట్టి ఉంచుతాం. శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోముతాం. పులుపు తగిలిన రాగి కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది. మాకు మేలని నమ్మిన నీళ్లు ఆ గోరంత ప్రాణానికి విషం.

ఆమెకు చెప్పలేదు. పోసింది ఆమె చెయ్యే కదా. చెప్తే మా అమ్మ మాటే నిజమనుకుంటుందని భయం. ఎందుకో చెప్పకుండానే నీళ్లన్నీ తోడేసి, రాళ్లు మార్చి, బ్లీచింగు వాసన పోయేదాకా ప్లాస్టిక్ డ్రమ్ములో నిలవుంచిన కుళాయి నీళ్లు పోశాను. దాక్కోవడానికి పెంకుముక్కలు పేర్చాను. రెండు వారాలాగి మళ్లీ ఐదు రొయ్యలు తెచ్చి, సంచిలోకి తొట్టి నీళ్లు చెంచాడు చెంచాడు కలుపుతూ గంటసేపు అలవాటు చేసి వదిలాను.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె కేక పెట్టింది. "ఒగటి సచ్చిపాయ, సూడు! నేను సెయ్యే పెట్టలేదే!"

ఒక రొయ్య వెల్లకిలా, గాజులా తెల్లగా పడి ఉంది. వంగి లెక్కపెట్టాను.

"ఐదూ ఉండాయి గదే! అది ఉత్త పెంకు. పాము కుబుసం ఇడిసినట్ల ఇడిసింది. ఆ ఒళ్లు మెత్తగుండే రొయ్య ఆ పెంకుముక్కల సందులో దాక్కునింది, సూడు. ఇడిసిన పెంకు తీయొద్దు, అదే తింటుంది."

"దాని సొక్కా అదే తింటుందా!" అని నవ్వింది. ఎన్నాళ్లకు నవ్విందో. ఆ నవ్వు చూశాక దాచలేకపోయాను. బావి దగ్గర మొదలుపెట్టి బిందె దాకా మొత్తం చెప్పేశాను.

ఆమె వంటింటి వైపు తల తిప్పింది.

"ఆ బిందె యాడిది?"

"మా యమ్మ పెట్టింది గదా నీకు."

"అద్గదీ! యాభై ఏండ్లు నా సెయ్యి మీదికి తోస్తిరి. సంపింది మీ యమ్మ బిందె." చెయ్యి చాచింది. "ఆ మేత డబ్బా ఇట్ల తే."