చిన్నాయన జరిపిన రాజు

మా ముత్తాత నరసప్ప నల్లమాడ చుట్టుపక్కల ఏడూళ్ళకు తీర్పు చెప్పిన మనిషి. ఆయన కొడుకు హనుమంతప్ప, అంటే మా తాత, వీధిలో వస్తుంటే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. నేను కొత్తచెరువులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. నేను వస్తే బడిపిల్లలు మాత్రం లేస్తారు.

దయ్యాలను నమ్మడం మా ఇంట్లో పరువు తక్కువ పని. నేనూ ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఇంటి మగవాళ్ళందరూ చదరంగం ఆడేవాళ్ళు. దానికి తాత పెట్టిన మర్యాద ఒకటుంది. ఆట సమం చేసుకుందామని నోటితో అడగకూడదు. ఓడిపోతున్నవాడు అసలు అడగకూడదు, అది అడుక్కోవడం. గెలుస్తున్నవాడికి ఎదుటివాడి మీద మనసు కరిగితే, తన రాజును ఒక గడి జరిపి, మరుసటి ఎత్తులో మళ్ళీ వెనక్కి పెట్టాలి. ఎదుటివాడికి సమ్మతమైతే తానూ అలాగే చేస్తాడు. ఈ పద్ధతి తాతకు, మా నాయనకు, చిన్నాయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. మొదటి ఇద్దరూ పోయారు.

రెండేళ్ళుగా నేను ఫోనులో ఆడుతున్నాను. అక్కడి మర్యాద చూస్తే ఒళ్ళు మండుతుంది. మంత్రిని పోగొట్టుకున్నవాడు మూడు ఎత్తులకొకసారి సమం చేద్దామని మీట నొక్కుతాడు. ఓటమి ఖాయమైనవాడు ఆ మాట ఒప్పుకోకుండా, ఫోను పక్కన పడేసి, గడియారం అయిపోయేదాకా మనల్ని కూర్చోబెడతాడు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఎవరో ఆటకు పిలిచారు. పేరు ఉండాల్సిన చోట అంకెలే ఉన్నాయి, బొమ్మ లేదు. అరగంటలో నన్ను మూలకు తోశాడు. ఇంకొక్క ఎత్తుతో ఆట ముగించవచ్చు. ముగించలేదు. రాజును ఒక గడి జరిపాడు. మళ్ళీ వెనక్కి పెట్టాడు.

ఆ పద్ధతి తెలిసి మిగిలినవాళ్ళం ఇద్దరమే. చిన్నాయన తప్ప ఇంకెవరు?

ఆయనకూ నాకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. నల్లమాడ దగ్గర ఉమ్మడిగా మిగిలిన ఆరెకరాలు అమ్ముదామని ఆయన, అది కూడా పోతే మా పేరేం మిగులుతుందని నేను. ఇద్దరి సంతకాలూ లేనిదే అమ్మడానికి లేదు. ఆయన అత్తగారి ఊరు గుమ్మఘట్ట చేరారు. ఆ వేసవి మొదట్లో చిన్నమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "మీ చిన్నాయనకు కండ్లు కనపడ్ల్యేదప్పా. ఆపరేషన్ ఆలస్యం చేస్తే ఇంగ రావంట. సంతకం పెట్టు నాయనా" అంది. నేను నమ్మలేదు. నన్ను ఒప్పించడానికి వేసిన ఎత్తు అనుకున్నాను.

ఇప్పుడు రుజువు దొరికింది. చూపు లేనివాడు ఫోనులో చదరంగం ఆడడు కదా.

నేను నా రాజును ముట్టుకోలేదు. ఓటమి ఒప్పుకునే మీట నొక్కి లేచాను. ఓడిపోవడం మా ఇంట్లో తప్పు కాదు. ఒకరు దయ చూపితే తీసుకోవడమే కష్టం. తరువాతి రెండు ఆదివారాలూ అదే సమయం, అవే అంకెలు, అదే రాజు. రెండుసార్లూ ఓటమి ఒప్పుకున్నాను. ఆ ఆటలను ఫోను చేతనే పరీక్ష చేయించాను. రాజు జరిగిన ప్రతి ఎత్తు పక్కనా అది తప్పు గుర్తు పెట్టింది.

నాలుగో ఆదివారం, ఆయన అబద్ధాన్ని ముఖం మీదే పట్టుకుందామని గుమ్మఘట్ట బస్సెక్కాను.

వసారాలో నులక మంచం మీద చిన్నాయన ఉన్నారు. రెండు కళ్ళలోనూ పాలు పోసినట్టు తెల్లటి పొర. చిన్నమ్మ అందించిన గ్లాసు కోసం ఆయన చేయి గాలిలో వెతికింది. ఇంట్లో ఉన్నది ఒక్క మీటల ఫోను, అదీ చిన్నమ్మ నడుము దగ్గర దోపుకుని ఉంది.

నేను నోరు విప్పకముందే ఆయన నవ్వారు.

"ఏమప్పా హనుమంతప్ప మనవడా, ఇప్పటికి తెలిసిందా మా ఇంటి దావ? మూడు వారాలు రాజును జరిపితిని గదా. సూసీ సూడనట్ల లేసి పోతివి."

"యాడ జరిపినావు చిన్నాయనా?"

"నాకేం తెలుసు? బువ్వ తిని పండుకుంటే ఆట కండ్ల ముందరికొస్తాది. అవతల నువ్వు కూసోనుంటావు. ఎనకటి మాదిరే గుర్రాలు ముందు పోగొట్టుకుంటావు."

మూడు ఆటల్లోనూ నా గుర్రాలే ముందు పోయాయి.

చిన్నమ్మ భోజనానికి లేవమంది. తగాదా తీరని ఇంట్లో చేయి కడగడం నాకు ఇష్టం లేదు. బస్టాండులో తిన్నానని చెప్పాను. "అవునులే, దొరకు మా సంగటి యాడ దిగుతాది" అంది ఆమె.

చిన్నాయన తిని పడుకున్నారు. రెండు చేతులూ రొమ్ము మీద. గురక మొదలైంది. నేను ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాను. మూడింటికి నా ఫోను మోగింది. అవే అంకెలు.

ఆడాను. ఒక్కో ఎత్తుకూ తలెత్తి ఆయన చేతులు చూశాను. కదల్లేదు. నా గుర్రాలు పోయాయి, తరువాత ఏనుగు పోయింది. అప్పుడు అవతలి రాజు ఒక గడి జరిగాడు. వెనక్కి వచ్చాడు.

ఆ మూసిన కళ్ళ మీద ఒక ఈగ వాలింది. చిన్నమ్మ కొంగుతో దాన్ని తోలింది.

నేను నా రాజును జరిపాను. వెనక్కి పెట్టాను. అవతల మళ్ళీ, ఇవతల మళ్ళీ. గళ్ళలో ఒకే అమరిక మూడుసార్లు వస్తే ఆట సమమైనట్టు ఫోను తనంతట తానే చెబుతుంది. చెప్పింది.

గురక ఆగింది. కళ్ళు తెరవకుండానే చిన్నాయన గోడవైపు తిరిగి, "ఏమేయ్, వానికి సంగటి పెట్టు. పొద్దన్నుంచి ఏం తిన్ల్యేదు వాడు" అన్నారు.

రెండు ముద్దలు తిన్నాను. చిన్నమ్మ మూడోది కూడా వేసింది.

ఆ అంకెల నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. ఎవరో తెలియని ఆటగాడు, కాకతాళీయం అంటారు మా బడి సైన్సు మాస్టారు. లెక్కలు చెప్పేవాణ్ణి, నేనూ అదే అనాలి. అనలేకపోతున్నాను.

చిన్నాయనకు ఒక కన్ను వచ్చింది. ఫోనులో ఆట చూపిస్తే ముక్కుకు ఆనించుకుని చూసి, "థూ, ఈ చీమల గూట్లో ఏమాడతారప్పా" అన్నారు.

నల్లమాడ ఆరెకరాలను కదిరి వ్యాపారి ఒకాయన కొన్నాడు.