నాలుక చూపి అమ్మిన సబ్బు

మొన్న మా మనవరాలు నెల్లూరు నుంచి వస్తూ నాకొక సబ్బు తెచ్చింది. మామూలు సబ్బు కాదు, కాగితపు చొక్కా తొడుక్కుని నడుముకు జనపతాడు చుట్టుకుని పెళ్ళికొడుకులా ఉంది. పైన వేపాకు బొమ్మ, దాని కింద ‘చేత్తో చేసినది, రసాయనాలు లేనిది’ అని అచ్చు. చేత్తో చేశామంటే సరే, నమ్ముతాను. రసాయనాలు లేవనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. కాస్టిక్ సోడా పడకుండా నూనె సబ్బుగా ఎట్లా మారుతుందో, ఆ రాసినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలనిపించింది. ‘నీకెందుకు తాతా అదంతా, వాసన చూడు, ఎంత బాగుండాదో’ అని నవ్వింది పిల్ల. వాసన బాగానే ఉంది. కానీ నేను సబ్బును ముక్కుతో చూసే ఇంట్లో పెరగలేదు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మన మెట్ట ఊళ్ళలో బట్టలకు చౌడు, తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి ఉంటే చాలనుకునే రోజులవి. కొట్లో కొన్న సబ్బు చుట్టాలొచ్చినప్పుడు పెట్టెలోంచి బయటికొచ్చి, వాళ్ళు బస్సెక్కగానే మళ్ళీ పెట్టెలోకి పోయేది. మాది ఉదయగిరికి ఇవతలి పల్లె, పొద్దున లేస్తే కొండ కనపడుతుంది. నాయన పోయినాక, ఉన్న కాస్త చేను వానను బట్టి పండితే పండినట్టు, లేకుంటే లేదు. మా మేనమామ తన ఇంటికి వచ్చి ఉండమని అమ్మకు కబురు మీద కబురు పెట్టేవాడు. ఆయన మంచివాడే, అత్తా చెడ్డ మనిషి కాదు. అయినా తోబుట్టువు వసారాలో వండిపెట్టే మనిషిగా మిగిలిపోవడం అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి వచ్చిన పక్కింటి పెద్దమ్మ ఆ మాట విని, గట్ల మీద ఇన్ని కానుగలు పెట్టుకుని ఏడుస్తావెందుకని అమ్మకు సబ్బు చేయడం నేర్పించింది. అట్లా మా బతుకు సబ్బు మీదికొచ్చింది. అది నిలబడితే మా ఇంట్లో మేముంటాం, లేకుంటే మేనమామ ఇంటికి మూట కట్టుకోవాలి.

కానుగ గింజలు ఏరి గానుగాడించి తెచ్చేది నేను. మట్టిబానలో నీళ్ళు పోసి అందులో కాస్టిక్ వేస్తే పొయ్యి లేకుండానే పొగలొచ్చేది. అది చల్లారినాక నూనెలోకి సన్నని ధారగా పోస్తూ కలియబెట్టాలి. సత్తుగిన్నె పెడితే దాన్ని తినేస్తుంది కాబట్టి బాన తప్ప వేరేది పనికిరాదు. తెడ్డు కూడా కొయ్యదే కావాలి, దానికి మాకేం కరువు, ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళు నాలుగు తరాలు నిలిచే తెడ్డు చెక్కి ఇచ్చారు. జావలా చిక్కబడ్డాక కొయ్య అచ్చులో పోసి, గట్టిపడ్డాక తీగతో బిళ్ళలు కోసి అటక మీద పరిచేవాళ్ళం. అమావాస్యకు ఎక్కించింది మళ్ళీ అమావాస్యకు గానీ దించేవాళ్ళం కాదు. సబ్బు కూడా మామిడికాయ లాంటిదే, మాగాలి. మాగిందో లేదో తెలియడానికి అమ్మ బిళ్ళను తడిపి నాలుక కొసకు తాకించేది. చుర్రుమంటే మళ్ళీ అటకెక్కేది. నాలుక ఒప్పుకున్నదే చెయ్యి ఒప్పుకుంటుందనేది అమ్మ.

నా చదువు కూడా ఆ సబ్బుల దగ్గరే సాగింది. ఐదో తరగతితో బడి మానేసిన నేను, బిళ్ళలు చుట్టడానికి తెచ్చిన పాత పత్రికలను ఒక్కొక్కటీ చదివి గానీ చుట్టేవాణ్ణి కాదు. సగం చదివిన కథ సబ్బుతో పాటు ఆత్మకూరు సంతకు పోయేది, మిగతా సగం నేనే అల్లుకునేవాణ్ణి.

సంతకు సరుకు తీసుకుపోయేది మా బాబాయి, నాయన తమ్ముడు. కష్టజీవే గానీ తొందరెక్కువ. ఒకసారి అమ్మా నేనూ దుత్తలూరులో పెళ్ళికి పోయినప్పుడు, సంత తప్పితే గిరాకీ పక్కవాడికి పోతుందని తనే అటకెక్కి సబ్బులు దించుకుపోయాడు. మాగిన సబ్బు ముడుచుకుని, అంచులు తెల్లబారి ముసలిదానిలా ఉంటుంది. పచ్చి సబ్బు నున్నగా, నిండుగా మెరుస్తుంటుంది. మంచివి ఏరుకుంటున్నాననుకుని బాబాయి ఆ మెరిసేవే గోతాంలో వేసుకున్నాడు.

మరుసటి సంతకు తీసుకుపోయిన మూట తీసుకుపోయినట్టే వెనక్కి వచ్చింది. ఆత్మకూరు బస్టాండు పక్కన దోసెలు పోసే ఆమె మా సబ్బుతో బట్టలుతికి చేతులు పొక్కించుకుందట, రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని బస్సు దిగినవాళ్ళందరికీ చూపిస్తోందట. బాబాయి తల దించుకుని, ‘పోనీలే వదినా, ఆత్మకూరు కాకుంటే కలిగిరి పోదాం. ఆడ మనమెవరో ఎవరికి తెలుసు?’ అన్నాడు. ‘మనల్ని ఎరగని ఊళ్ళు ఎన్నని ఉంటాయి అబ్బయ్యా?’ అంది అమ్మ. తెల్లారి మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కింది.

దోసెలామె పొయ్యి ఆర్పేసి, రుబ్బురోలు పక్కన గడపలో కాపలా కూర్చున్నట్టు కూర్చుంది. అమ్మ ఎవరో తెలియగానే లేచింది.

‘ఏంది, నువ్వేనా ఆ మహాతల్లివి? చూడు నా చేతులు! పొత్రం పట్టుకుంటే పానం పోతావుండాది. నువ్వు చేసింది సబ్బా, సున్నమా?’

మిగిలిన ముక్క ఉంటే ఇవ్వమని, నాలుకతో చూస్తానని అంది అమ్మ. జనం మూగారు. ‘నాకి చూస్తాదంటరా రేయ్!’ అని ఎవరో ఎగతాళి చేశారు. అమ్మ ఆ ముక్కను తడిపి, ఇంట్లో మాదిరిగా కొసకు తాకించకుండా, నాలుక మీద పూర్తిగా పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉమ్మలేదు.

‘పచ్చిది. మాగలేదు. తప్పు మాదే’ అంది.

బాబాయి పేరెత్తలేదు. ఆయన మొహం మాత్రం చూడలేకపోయాను. అమ్మ కొంగు నడుముకు దోపి, పప్పు నానేశావా అని దోసెలామెను అడిగి, రుబ్బురోలు ముందు కూలబడింది. నీ చేతులు మానిందాకా నీ పిండి నేను రుబ్బుతానంది. అనడమే కాదు, ఆమె పందిట్లోనే తిని, అక్కడే పడుకుంది. ‘నీళ్ళు చూసి పొయ్యి మే, దోసె పోసుకోవాలా, ఈత కొట్టాలా?’ అని ఆమె సతాయిస్తూనే ఉంది, అమ్మ రుబ్బుతూనే ఉంది. పచ్చి సబ్బు కొన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మేం వెంట తెచ్చిన మాగిన బిళ్ళలతో మార్చుకుపోయారు.

చేతులు మానినాక వచ్చిన సంతకు అటక మీది మాగిన సరుకు నేనే మోసుకుపోయాను. మొదటి బిళ్ళ దోసెలామెదే. ‘ముందు నువ్వు నాలిక చూపించు’ అంది. అమ్మ తడిపి తాకించి, ఎర్రటి నాలుక బయటపెట్టి చూపించింది. జనం నవ్వారు, కొన్నారు. ఆ రోజు నుంచి ఆత్మకూరు సంతలో అమ్మ నాలుక చూడందే ఎవరూ సబ్బు పుచ్చుకోలేదు. మేనమామ కబుర్లు ఆగిపోయాయి. కంపెనీ సబ్బులు పల్లె కొట్లలోకి వచ్చి కూర్చునేదాకా మేం మా ఇంట్లోనే ఉన్నాం.

ఇదంతా తలచుకుంటూ మనవరాలి సబ్బును తడిపి నాలుకకు తాకించాను. ‘అయ్యో తాతా, అది తినేది కాదు!’ అని పిల్ల అరిచింది. చుర్రుమనలేదు. బాగా మాగింది. చేసిన చెయ్యి పనితెలిసిన చెయ్యే, రసాయనాలు లేవని అచ్చేసినవాడి మీద కోపంతో ఆ మాట దాచను. ఎవరు చేశారో చూద్దామని కాగితం తిప్పాను. నచ్చకపోతే వెనక్కి పంపమని ఉంది, నచ్చితే ఫోనులో ఐదు చుక్కలు పెట్టమని ఉంది. అన్నీ ఉన్నాయి. చేతులు పొక్కితే వచ్చి పిండి రుబ్బే మనిషి ఎవరో మాత్రం, అద్దాలు తుడుచుకుని ఎంత వెతికినా, నాకు కనపడలేదు.