అద్దం దిగని కెమెరా

ఆ శ్రావణంలో నా కెమెరా మొండికేసింది. వాన వెలిసిన పూట బాల్కనీలో మల్లె కుండీ మీద చినుకులు తీద్దామని కూర్చుని బటన్ నొక్కితే, ఎప్పుడూ వచ్చే చప్పుడు రాలేదు. ఏదో రాయి కొరికినట్టు చిన్న శబ్దం వచ్చింది. కన్ను పెట్టి చూసే చోటంతా చీకటైపోయింది. వెనక తెర మీద మాత్రం మళ్ళీ నొక్కి చూడమని ఇంగ్లీషులో ఒక సలహా కనిపించింది. నొక్కాను. మళ్ళీ అదే సలహా. మా ఆఫీసు హెచ్‌ఆర్ వాళ్ళకి ఉత్తరం రాస్తే వచ్చే జవాబు కూడా ఇలాగే ఉంటుంది.

ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. మయూర్ విహార్‌లో మా ఫ్లాటు రోడ్డు వైపుకే ఉంటుంది, ఎంత తుడిచినా దుమ్మే. పైగా వానాకాలం చెమ్మ. కెమెరాని డబ్బాలో పెట్టి మూత వెయ్యని బద్ధకం నాదే కదా అనుకున్నాను. వేరేవాళ్ళ చేతిలోకి వెళ్ళి వచ్చిందన్న సంగతి తట్టలేదు. ఎందుకంటే, తీసుకెళ్ళిన మనిషి నా లెక్కలో వేరే మనిషి కాదు.

జనక్‌పురి అక్క అంటాను ఆవిణ్ణి. తోడబుట్టిన అక్క కాదు. భర్త మిలిటరీలో ఉండగా కొన్నాళ్ళు మా పక్క ఫ్లాట్లోనే అద్దెకుండేవాళ్ళు, ఆయన రిటైరయ్యాక జనక్‌పురిలో ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ళ కూతురు మా ఇంట్లో అన్నం తిని, మా సోఫాలో నిద్రపోయి పెరిగింది. ఢిల్లీలో నన్ను పిన్నీ అని పిలిచేది ఆ పిల్ల ఒక్కతే. తక్కిన ఊరందరికీ నేను ఆంటీనే.

మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ రోజుల్లో అక్కే వచ్చి నా దగ్గర పడుకుంది. నా బొట్టు తియ్యడానికి ఎవరో ముసలావిడ సిద్ధపడితే, ఈ చాదస్తాలు మా చెల్లెలి దగ్గర పనికిరావని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఒక్క మాటతో నేనావిణ్ణి నెత్తిన పెట్టుకున్నాను. అంతకుముందు తెలుగువాళ్ళ సీమంతాలూ బారసాలలూ అన్నీ నా కెమెరాతోనే జరిగేవి. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. నా దుఃఖం చూసి మొహమాటపడుతున్నారు కాబోలు అనుకున్నాను. అక్క ఉంది కదా, మిగతావాళ్ళ సంగతి నాకెందుకు?

అక్క కూతురికి గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే తెలుగబ్బాయితో సంబంధం కుదిరింది. పెళ్ళి మార్గశిరంలో అన్నారు. ఈలోగా అక్క ఫోన్ చేసి, పిల్ల ఆఫీసు స్నేహితులతో జైపూర్ వెళ్తోంది, కెమెరా కావాలంటోంది అంది. కోటల లోపల వెలుతురు తక్కువని రెండో లెన్సు కూడా ఇచ్చాను. లెన్సు మార్చేటప్పుడు కెమెరా నోరు పైకి పెట్టకూడదని, ఏం పడినా తిన్నగా లోపలికే పోతుందని వీడియో తీసి మరీ పంపాను. కెమెరా భద్రంగానే తిరిగొచ్చింది. ప్రయాణం ఎలా జరిగిందంటే బాగా జరిగిందంది అక్క. ఫొటోలు చూపించమంటే, పిల్ల తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని కార్డు ఖాళీ చేసేసిందంది.

సరే, మరమ్మత్తు. రిపేరు షాపుకి వెళ్ళేలోపు మన చేతిలో ఉన్నవి చూసుకోవాలని ఒకప్పుడు నేర్చుకున్నాను. బ్యాటరీ తీసి కాసేపు ఆగి పెట్టాను. నిండుగా ఛార్జి ఉన్న ఇంకో బ్యాటరీ పెట్టాను. కార్డు మార్చాను. లెన్సు వెనక ఇత్తడి చుక్కలుంటాయి, కెమెరాతో మాట్లాడేది వాటితోనే. వాటిని మెత్తటి రబ్బరుతో రుద్దాను. వేరే లెన్సు పెట్టాను. ఏం చేసినా అదే కొరుకుడు, అదే చీకటి. అంటే జబ్బు లెన్సుది కాదు, కెమెరా గుండెలోనే ఉంది.

లెన్సు విప్పి ఫోన్ టార్చి వేసి చూశాను. లోపల చిన్న అద్దం ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు పైకి లేచి వెలుతురుకి దారిచ్చి, మళ్ళీ కిందికి దిగాలి. అది సగంలో ఏటవాలుగా నిలబడిపోయింది. వేలు పెడితే గీత పడుతుంది. కెమెరాని నేలకి బోర్లా పట్టుకుని, గాలి కొట్టే రబ్బరు బుడ్డితో మెల్లగా ఊదాను. కదల్లేదు. అద్దం మడత దగ్గరికి ముక్కు చేర్చి ఇంకోసారి గట్టిగా ఊదేసరికి ఏదో టప్పున రాలింది. అద్దం దిగింది.

పరిచిన తెల్ల గుడ్డ మీద ఒక పసుపు బియ్యపు గింజ.

నవ్వొచ్చింది మొదట. జైపూర్లో అక్షింతలెవరు వేశారమ్మా అనుకున్నాను. తర్వాత మనసు దాని మానాన అది సర్ది చెప్పింది. వరలక్ష్మీ వ్రతానికి అక్క పూజ ఫొటోలు తీసి ఉంటుంది, అందులో ఏముంది? ఇంకేమైనా మిగిలిందేమోనని మళ్ళీ ఊదాను. ఈసారి గులాబీ రంగు థర్మోకోల్ పూస ఒకటి రాలింది, తళుకు అంటుకుని ఉంది.

ఎన్ని పెళ్ళిళ్ళు తీశాను నేను! ఏ వ్రతంలోనూ థర్మోకోల్ పూసలుండవు. ఈ మధ్య వాటిని కలిపేది తలంబ్రాల్లోనే. పళ్ళేల కొద్దీ పోసుకుంటూ అందరూ నవ్వుతూ ఉండగా, ఎవరో హడావిడిలో కెమెరా నోరు పైకి పెట్టి లెన్సు మార్చారు. గింజ ఏ మూలో నక్కి, నా దగ్గరికి వచ్చాక కదిలింది. పెళ్ళి అయిపోయింది. నా కెమెరా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు?

అయినా మనిషి ఆశ చెడ్డది. శనివారం మెట్రోలో జనక్‌పురి వెళ్ళాను, నేను పొరబడ్డానని ఎవరైనా చెప్తారేమోనని. గుమ్మానికి మామిడాకులు ఎండిపోయి వేళ్ళాడుతున్నాయి. చెప్పకుండా వచ్చానేమిటని అడుగుతూనే అక్క ముఖం పాలిపోయింది. లోపల పిల్ల సూట్‌కేసులో బట్టలు సర్దుకుంటోంది. మెడలో పసుపుతాడు కొత్తగా మెరుస్తోంది. వాళ్ళ నాన్నగారు నన్ను చూసి, పేపరు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. గుళ్ళో చేశాం, ఉన్నపళంగా కుదిరింది, పట్టుమని యాభైమంది లేరు అంటూ ఏదేదో చెప్పింది. చివరికి తనే అసలు మాటకి వచ్చింది.

"అది కాదే, పెళ్ళన్నాక నలుగురి కళ్ళూ ఉంటాయి. రేపు పిల్లకేదైనా అయితే నువ్వొచ్చావనే కదా అంటారు? నువ్వు బాధపడకూడదనే చెప్పలేదు."

"వియ్యపురాలు వద్దందా?"

అక్క స్టవ్ మీది పాలు చూసింది. "ఆవిడకి నీ సంగతే తెలీదు," అంది.

ఎవరూ అడగలేదు. అక్కే అనుకుంది, అక్కే తీసేసింది. నా బొట్టు కాపాడిన చెయ్యే.

ఇంతలో పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. నా మీద అలిగిన ముఖం. "పిన్నీ, ఆప్ క్యూ నహీ ఆయీ?" అని పెళ్ళికెందుకు రాలేదో నిలదీస్తూ, నేను ఫంక్షన్లకి రావడం మానేశానని, బతిమాలినా రానన్నానని అమ్మ చెప్పిందని, పీటల మీద కూర్చున్నప్పుడు కూడా తను నాకోసమే చూసిందని గబగబా చెప్పుకొచ్చింది.

"నేను రాననలేదమ్మా. నన్ను పిలవలేదు," అన్నాను.

పిల్ల వాళ్ళమ్మ మీద విరుచుకుపడింది, హిందీలో, ఇంగ్లీషులో, మధ్యమధ్య వచ్చిన తెలుగులో. ఏడ్చింది. నా మెడ చుట్టూ చేతులు వేసి సారీ చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒక్కరైనా నావాళ్ళున్నారు, ఈ ఒక్కతీ చాలు అనుకున్నాను. గురుగ్రామ్‌లో వాళ్ళ అత్తగారింట్లో ఆదివారం సత్యనారాయణ వ్రతమని అప్పుడే మాటల్లో తెలిసింది. పోయిందేదో పోయింది, ఆ ఫొటోలు నేనే తీస్తాను, కెమెరా బాగైంది, పొద్దున్నే వచ్చేస్తాను అన్నాను. పిల్ల కళ్ళు తుడిచాను కూడా.

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది.

"నువ్వెందుకు పిన్నీ, అంత దూరం," అంది పిల్ల, నా భుజం మీంచి చెయ్యి తీస్తూ. "కెమెరా పంపించు, చాలు. ఆయన తమ్ముడు తీస్తాడు."

పాలు పొంగుతుంటే అక్క స్టవ్ ఆపింది. టీ తాగి వెళ్ళమంది. నేను సంచీ భుజాన వేసుకున్నాను.

"ఇవ్వను," అన్నాను.