పసుపు మెత్తిన ఫెండరు

రైతుబజార్లో వంకాయను కూడా తిప్పి తిప్పి చూసి కొనే మనిషిని నేను. మా ఆవిడ నాతో సంచి పట్టుకుని రావడం ఎప్పుడో మానేసింది. పోర్టులో నాకిచ్చిన పనీ అలాంటిదే. ఓడ వచ్చి ఆనుకునేటప్పుడు బెర్తు గోడకూ ఓడకూ దెబ్బ తగలకుండా అంచు వెంట రబ్బరు ఫెండర్లు బిగిస్తారు. అవి సరిగ్గా ఉన్నాయో లేదో నేను చూడాలి.

ఆ రోజు కాంట్రాక్టరు కొత్తవి బిగించాడు. మధ్యాహ్నం స్టీల్‌ప్లాంటు బొగ్గు ఓడ రావాలి. కొత్తది ఏది పెట్టినా పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం మా బెర్తుల మీద ఆనవాయితీ. మాది చర్చికి వెళ్ళే కుటుంబమైనా, బూట్లు విప్పి నేనూ నిలబడతాను. కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఒక్కో ఫెండరుకు ఒక్కో బొట్టు పెట్టుకుంటూ వచ్చాడు. చివరిదానికి మాత్రం గిన్నెలో మిగిలిన పసుపంతా మెత్తేశాడు. పైగా దాని దగ్గర కొత్త రబ్బరు వాసన లేదు, నల్ల పెయింటు వాసన వస్తోంది.

"ఏటి బావా, అలా సూత్తన్నావ్? పూజలో కూడా అనుమానమేనా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పసుపు కింద పాత ఫెండరేమన్నా ఉందేమో, చేత్తో తుడిచేస్తే తేలిపోయేది. కానీ ఆ పసుపును నా చెయ్యి తుడిస్తే మాట ఇంకెక్కడికో పోతుంది. అది అతనికీ తెలుసు. తెలిసే మెత్తాడేమో! ఓడ తాళ్ళు అందుకునే గ్యాంగులో మా తమ్ముడున్నాడు. వాడు నిలబడేది సరిగ్గా ఆ చివరే. ఫెండరు చీలి, ఓడ వచ్చి బెర్తు అంచుకు కొడితే ముందు పడిపోయేది వాడే. నాకు భయం వేసింది.

"అన్నయ్యా, ఓడ వచ్చేత్తంది. తొరగా కానియ్యండి," అన్నాడు వాడు.

"బావా, కాయ ఇక్కడే కొట్టు. నీళ్ళన్నీ ఈ చివరిదాని మీదే పొయ్యి. మంచిది," అన్నాను భక్తిగా చేతులు కట్టుకుని.

అతని మొహం మాడిపోయింది. అందరూ చూస్తున్నారు, కాదనలేడు. కాయ కొట్టి నీళ్ళు ఒంపాడు. చాల్లేదు. "శుభమే కదా, ఇంకోటి కొట్టు," అంటూ బుట్టలో మిగిలినవి నేనే అందించాను. పసుపు కారిపోయింది. నల్ల రబ్బరు మీద పైనుంచి కిందికి ఒక సన్నటి పసుపుపచ్చ గీత మాత్రం పోలేదు.

"మరక బావా, అంతే," అన్నాడు.

బోర్లా పడుకుని, చెయ్యి చాచి, ఇంటి తాళంచెవి ఆ గీతలో పెట్టాను. పిడి దాకా దిగిపోయింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఓడను బయటే ఆపమని వాకీటాకీలో చెప్పాను. తమ్ముడు ఆ తాళంచెవి కేసే చూస్తూ, నెమ్మదిగా అంచు నుంచి వెనక్కి జరిగాడు.